గడప బయట పెట్టిన సంతకం

మా గ్రంథాలయం తాళంచెవులు నా దగ్గర మూడేళ్ళకు కొంచెం తక్కువ కాలం ఉన్నాయి. ఒకే ఇత్తడి రింగుకు రెండు. ఒకటి షట్టరు ఎడమవైపు తాళానిది, రెండోది కుడివైపుది. అవి ఎందుకు వదిలేశావని ఎవరైనా అడిగితే, మిల్లులో పని ఎక్కువైంది, తీరిక లేదు అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. వాటిని నా దగ్గరి నుంచి తీసుకున్నారు. నేనెంతో నమ్మిన మనిషి నోటి మాట మీద, నేనే గీతలు గీసి తయారుచేసిన రిజిస్టరును సాక్ష్యంగా పెట్టుకుని తీసుకున్నారు.

గ్రంథాలయం అంటే పెద్దదేమీ కాదు. సూరత్ గోడాదరాలో ఒక సందు మొదట్లో, కింది అంతస్తులో ఒకే గది. ఏడు ఇనుప ర్యాకులు, రెండు పొడుగు బల్లలు, పద్దెనిమిది కుర్చీలు, మూడు ఫ్యాన్లు. మరమగ్గాల మీద పనికి వచ్చిన మొదటి తరం మన తెలుగువాళ్ళు కలిసి పెట్టుకున్నది. వేళలు ఖాతాల పాళీలను బట్టి ఉండేవి. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు, షిఫ్టును పాళీ అంటారు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు రాత్రిపాళీ దిగినవాళ్ళకు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పగటిపాళీ దిగినవాళ్ళకు. తెలుగు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేసేవారు కాదు. "నిన్న ఊళ్ళె ఏమైందో నిన్ననే తెలిస్తె, పోయి ఆపుతుంటిమా ఏంది?" అనేవాడు కాక.

కాక అంటే గ్రంథాలయం చూసుకునే పెద్దాయన. మాకు చుట్టం కాడు. సందులో అందరూ, గుజరాతీ వాళ్ళతో సహా, ఆయన్ను కాక అనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళు మగ్గం నడిపాక చెవులు సగం పోయాయి. గ్రంథాలయాన్ని నడిపే సంఘం వాళ్ళు తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. నేను గుజరాతీ మీడియంలో చదివాను. పదకొండేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. పలక మీద కాదు, పేపరు హెడ్డింగుల మీద. చిన్న అక్షరాల జోలికి పోనిచ్చేవాడు కాదు. "ముందుగాల పెద్దయి చదువు. పెద్దయి తెలిస్తె చిన్నయి అయ్యే భయపడి అస్తయి" అనేవాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తయి కిమ్ అనే ఊరి వైపు ఒక మిల్లులో మెయింటెనెన్సు పనిలో చేరాక, సాయంత్రాలు ఆయనకు సహాయంగా ఉండమని సంఘం అడిగింది. నేను ఒప్పుకున్న రోజునే తాళంచెవుల రెండో జత ఇచ్చారు. రింగు నేను కొన్నాను.

అప్పటికి తెరవడానికీ మూయడానికీ రాసిపెట్టిన పద్ధతంటూ లేదు. కాకకు గుర్తున్నదే పద్ధతి. ఒకసారి స్టాంపు ప్యాడు మూత తెరిచిపెట్టి పోతే ఎండిపోయింది. ఇంకోసారి రాత్రంతా మూడో ఫ్యాను తిరిగింది. మా మిల్లులో ఇలాంటివి జరగవు. పాళీ మారేటప్పుడు జాబితా ఉంటుంది. ఒకరు పని చేస్తారు, ఇంకొకరు చూస్తారు. కింద ఇద్దరూ సంతకం పెడతారు. దీని వెనక చిన్న సూత్రం ఉంది. పని చేసినవాడికి తాను చేద్దామనుకున్నది కనబడుతుంది, చూసేవాడికి అక్కడ నిజంగా ఉన్నది కనబడుతుంది. అందుకని రెండో సంతకం మొదటిదానికన్నా బరువైనదని మా ఫోర్మన్ చెప్పేవాడు.

ఒక ఆదివారం కూర్చుని రెండు జాబితాలు రాశాను. తెరవడానికి పదకొండు పనులు. షట్టరు ముందు నడుము దాకా ఎత్తి ఆగాలి, లోపల పిల్లి పడుకుని ఉంటే పోవడానికి. తర్వాత మెయిన్ స్విచ్చి. తర్వాత పడమటి కిటికీలు. ఊడ్చాక బల్లలు తడిగుడ్డతో తుడవాలి, తుడిచాక ఊడ్వకూడదు. స్టాంపులో తారీకు తిప్పి ఒక చిత్తు కాగితం మీద కొట్టి చూడాలి. నిన్నటి పేపరు కర్ర నుంచి తీసి కొత్తది బిగించాలి. మూయడానికి పద్నాలుగు. అందులో పదకొండోది వానాకాలానికి మాత్రమే: కింది అరలో ఉన్నవన్నీ బల్లల మీదికి ఎత్తాలి.

ఇది సూరత్ బయటివాళ్ళకు చెప్పాలి. పర్వత్ పాటియా నుంచి మా వైపు దాకా ఒక ఖాడీ పారుతుంది, అంటే వాగు లాంటిది. మా దగ్గర చినుకు పడకపోయినా ఎగువన వానలు పడితే అది పొంగుతుంది. నీళ్ళు వీధి మీదుగా రావు, మోరీల్లోంచి పైకి తన్నుకొస్తాయి. పడుకునేటప్పుడు పొడిగా ఉన్న సందు తెల్లారేసరికి మోకాలి లోతు ఉంటుంది. అన్ని ఏళ్ళూ రావు. రెండు మూడేళ్ళు రాకపోతే అందరూ మరిచిపోతారు. అందుకే దాన్ని జాబితాలో పెట్టాను.

కింది అరలో ఉన్నవి మామూలు పుస్తకాలు కావు, నకలు పుస్తకాలు. ఫోన్లు లేని కాలంలో ఇక్కడి మనుషులకు చదువొచ్చిన ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఊరికి పంపే ప్రతి ఉత్తరానికీ ఒక నకలు పొడుగు నోటుపుస్తకంలో రాసుకునేవారు. జవాబు రావడానికి మూడు వారాలు పట్టేది, ఈలోపు తాము ఏమి రాయించారో మనిషికే గుర్తుండేది కాదు. జవాబు వచ్చాక నకలు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చదివి వినిపించేవారు. అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. బరువుగా ఉంటాయని, ఎవరూ తీసుకుపోరని కింది అరలో పెట్టారు. వాటిలో సగానికి పైగా కాక చేతిరాత. ఆ రాసేవాళ్ళలో ఆయన ఒకడు. అ అక్షరానికి కిందికి ఒక తోక లాగేవాడు. ఇప్పుడు నేను కూడా అలాగే రాస్తాను.

జాబితాలు చూసి సంఘం అధ్యక్షుడు నవ్వాడు. "ఇది లైబ్రరీయా తమ్మీ, కరెంటు ఆఫీసా?" అన్నాడు. కాక మొదటి వారం విసుక్కున్నాడు, రెండో వారం నుంచి సరదా పడ్డాడు. నేను చేతిలో రిజిస్టరు పట్టుకుని ఆయన పక్కన నడుస్తూ పేరు చదివేవాణ్ణి, ఆయన ఆ పని చేసి "అయ్యింది" అనేవాడు, నేను చూసి ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. మిల్లులో చూసేవాడి పెన్ను ఆకుపచ్చదే. చివర కింద రెండు సంతకాలు, ముందు ఆయనది, తర్వాత నాది. ఆయనకు వినబడదు కాబట్టి గట్టిగా చదవాల్సి వచ్చేది. ఎదురింటి అరుగు మీద చీరల అంచుకు చమ్కీలు అంటించే గుజరాతీ మాసీ రోజూ ఒకే జోకు వేసేది. "ఆర్తీ థై గయీ?" అని, అంటే మీ హారతి అయిపోయిందా అని. కాక తాళం వేస్తూ "అయ్యింది మాసీ, పరసాద్ రేపిస్తం" అనేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. మొదటి ఏడు వసంతం నుంచి దీపావళి దాటేదాకా చదివేవాళ్ళ కోసం షట్టరు ఎత్తలేదు. మగ్గాలు ఆగిపోయి, సందులో సగం మంది ఊళ్ళకు పోయారు. వారానికి ఒకసారి నేనూ కాకా మాస్కులు కట్టుకుని వెళ్ళి గాలి ఆడనిచ్చి వచ్చేవాళ్ళం. రెండో ఏడు ఎండాకాలం ముందర మళ్ళీ మూశారు, కాకకే జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బయటి గేటు దాకా అన్నం డబ్బా నేనే తీసుకుపోయేవాణ్ణి. జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు, అరవై దాటినవాళ్ళు రావద్దని సంఘంలో ఒక మాట వచ్చింది. కాక మీటింగులో లేచి నిలబడి "నాకేమైంది? గుర్రం లెక్క ఉన్న" అన్నాడు. అందరూ నవ్వారు. ఉండనిచ్చారు.

కొత్త నియమాలు వచ్చాయి. జాబితా కూడా మార్చాను. చదివేవాళ్ళు లోపలికి రాకూడదు. గడప దగ్గర ఒక చిన్న బల్ల. దాని అవతల కాక, ఇవతల నేను. అడిగిన పుస్తకం కాక లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెడతాడు, నేను అందిస్తాను. తిరిగి వచ్చిన పుస్తకం మూడు రోజులు అట్టపెట్టెలో ఉండాలి. మూడు పెట్టెలు, వాటి మీద వారాల పేర్లు. లోపల కాక ఒక్కడే ఉండాలి. ఇది కాక పెట్టిన నియమం.

"నువ్వు మిల్లుల పదిమందిల తిరిగి అస్తవ్. నేను చావుల నుంచి లేచినోణ్ణి. జర గడప అవతల్నే ఉండు బిడ్డా" అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొద్దున తెరవడం కాక ఒక్కడే చేసేవాడు, నేను అప్పటికి కిమ్ బస్సులో ఉండేవాణ్ణి. సాయంత్రం మూసేటప్పుడు నేను మెట్టు మీద నిలబడి జాబితా చదివేవాణ్ణి. లోపల ర్యాకుల మధ్య నుంచి "అయ్యింది" అని వినబడేది. నేను టిక్కు పెట్టేవాణ్ణి. అయ్యాక రిజిస్టరు బల్ల మీదుగా జరిపితే ఆయన సంతకం పెట్టి వెనక్కి జరిపేవాడు, కింద నేను పెట్టేవాణ్ణి. నకలు పుస్తకాలుండే ఏడో ర్యాకు గది చివర, గోడ మలుపులో ఉంది. మెట్టు మీద నుంచి కనబడదు.

ఇక్కడే నా తప్పు ఉంది. దాన్ని నేను దాచను. చూసి పెట్టాల్సిన సంతకం విని పెట్టడం మొదలైన రోజున, అది రెండో సంతకం కాకుండా పోయింది. జాబితాలో మాస్కు, సానిటైజరు, మూడు రోజుల పెట్టెలు, అన్నీ చేర్చాను. ఈ ఒక్క మార్పును మాత్రం నేను మార్పుగా గుర్తించలేదు. మిల్లులో అయితే గుర్తించేవాణ్ణి. అక్కడ నేను ఎవరినీ నమ్మను, నమ్మాల్సిన పని లేదు. ఇక్కడ లోపలున్నది కాక. ఎత్తాల్సినవి ఆయన తన చేత్తో రాసిన పుస్తకాలు.

ఆగస్టులో ఒకరోజు తెల్లవారుజామున సందులోకి నీళ్ళు వచ్చాయి. మా ఇల్లు రెండో అంతస్తు. ఫోన్ మోగితే లేచి కిందికి దిగాను, తొడ దాకా ఉన్నాయి. అంత నీళ్ళలో షట్టరు ఎత్తడం కుదరదు. నేనేమీ కంగారు పడలేదు. నిన్న సాయంత్రం పదకొండో పనికి టిక్కు పెట్టాను. బల్లల ఎత్తు రెండున్నర అడుగులు, గది నేల సందు కన్నా అడుగు ఎత్తు. లెక్క వేసుకుని, బాగానే ఉంటాయని ఇంటికి వెళ్ళి టీ తాగాను.

నీళ్ళు తగ్గేసరికి మధ్యాహ్నం అయ్యింది. కాక ఫోన్ ఎత్తలేదు. నా జతతో నేనే తెరిచాను. బల్లల మీద ఏమీ లేదు. ఏడో ర్యాకు కింది అరలో నకలు పుస్తకాలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, ర్యాకులోంచి బయటికి రావడానికి కూడా వీల్లేకుండా బిగుసుకుని ఉన్నాయి. ఒకదాన్ని లాగితే అట్ట చేతిలోకి వచ్చింది. కాగితాలు అక్కడే ఉండిపోయాయి. నీలం సిరా అంతా కలిసిపోయి నేల మీద లేత మడుగు కట్టింది.

తర్వాత అలవాటు కొద్దీ చూడటం మొదలుపెట్టాను. పుస్తకాలు కదిపితే వాటి కింద ఇనుప రేకు మీద తుప్పు మరకలు ఉన్నాయి, ఒక్కో పుస్తకం ఆకారంలో, అంచులు స్పష్టంగా. ఒక్క రాత్రిలో అలాంటి తుప్పు పట్టదు. కింది అరకూ దాని పై అరకూ మధ్య, నీళ్ళు తగలని పై మూలలో, సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. రోజూ చేయి పెట్టే చోట సాలెగూడు ఉండదు. బల్లల మీద దుమ్ము మందంగా, సమంగా ఉంది. కాక కూర్చునే మూల తప్ప. అంటే ఆ ఒక్కరోజు కాదు. జూన్‌లో తెరిచినప్పటి నుంచి వాటిని ఎత్తనే లేదు. మెట్టు మీద నేను "కింది అర!" అని అరిచిన ప్రతి సాయంత్రమూ ఆయన కుర్చీలో కూర్చునే "అయ్యింది" అన్నాడు.

అప్పటికీ నాకు కోపం రాలేదు. ఆయనకు ఏదో అయి ఉంటుందని అనుకున్నాను. ఆయనే వచ్చి చెబుతాడని అనుకున్నాను. రెండు రోజులు సెలవు పెట్టి, పనికివచ్చే పుస్తకాలను విడదీసి, పాత పేపరు మధ్య పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాను. పన్నెండు మిగిలాయి. పంతొమ్మిది ముద్దయ్యాయి. కాక రాలేదు. జ్వరంగా ఉందని కబురు పంపాడు.

ఆ ఆదివారం గ్రంథాలయం ముందు వసారాలో సంఘం కూర్చుంది. దూరం దూరంగా కుర్చీలు, అందరికీ మాస్కులు. బాపు, అంటే మా నాన్న, కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అందరూ సేఠ్ అని పిలిచే అధ్యక్షుడికి ఆరు ఖాతాలు ఉన్నాయి. బాపు పని చేసేది వాటిలో ఒకదాంట్లో. నేను ఎనిమిది అంశాలు రాసిన కాగితం తెచ్చుకున్నాను, తుప్పు, సాలెగూడు, దుమ్ము, అన్నీ వరసగా. కాక మీద ఫిర్యాదుగా కాదు. ఎలా జరిగిందో తేలితే మళ్ళీ జరగకుండా ఏం చేయాలో రాయొచ్చని. చివరి మూడు అంశాలు దాని గురించే.

ముందు కాకను అడిగారు. ఆయన లేచి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు జరం తగ్గినకాంచి వంగుడైతలేదు సేఠ్. వంగితె ఊపిరి ఆగుతది. గా సంగతి గీ పిలగానికి మొదట్లనే చెప్పిన. 'నువ్వు కూసో కాకా, నేను ఎత్తుత తియ్' అన్నడు. రోజు రాసుకుంటుండు, నేను పోయినంక ఎత్తుతుండె అనే అనుకున్న. నేను నమ్మిన."

ఆయన వంగలేడన్న సంగతి నేను మొదటిసారి విన్నది అప్పుడే. నలభై మంది ముందు, వాళ్ళందరితో పాటు.

"కాకా, నాకెప్పుడు చెప్పినవ్?" అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. వినబడలేదేమోనని మళ్ళీ గట్టిగా అడిగాను. అధ్యక్షుడు చెయ్యి ఎత్తాడు. "ముసలోని మీద లొల్లి చెయ్యకు తమ్మీ. నువ్వేమన్నా చెప్పేదుంటె మాకు చెప్పు."

కాగితం తీసి చదివాను. తుప్పు అయ్యింది. సాలెగూడు అయ్యింది. దుమ్ము గురించి చదువుతుండగా ఒక సభ్యుడు ఆపాడు.

"అంటే ఎన్ని రోజుల సంది ఎత్తలేదంటవ్?"

"రెండు నెలలు. తెరిచినప్పటి నుంచి."

"గా రెండు నెలలు టిక్కులు పెట్టిందెవరు?"

"నేనే."

"దస్కతు?"

"ఇద్దరిది ఉంది. నాది కూడ."

"చూసి పెట్టినవా?"

"విని పెట్టిన."

ఎవరో మాస్కు వెనక నవ్వారు. సభ్యుడు రిజిస్టరు ఎత్తి అందరికీ చూపించాడు. పేజీ తర్వాత పేజీ, పదకొండో గడిలో ఆకుపచ్చ టిక్కు, ఒకే ఎత్తులో, ఒకే వంపుతో. కాక చేత్తో పెట్టినది కింద ఒక్క సంతకమే, అన్నిటికీ కలిపి. "కాకకు ఏమెరుక, కింద పెట్టుమంటె పెట్టిండు. రాసిందంత నువ్వే గదా?" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నా కాగితంలో ఐదు అంశాలు ఆయన ఎత్తలేదని రుజువు చేస్తాయి. ఆ ఐదూ నేను చూడలేదని కూడా రుజువు చేస్తాయి. అవి ఎంత బలంగా ఉంటే నా పరిస్థితి అంత అధ్వానం. ఒక్కరోజు పొరపాటు అని వదిలేసి ఉంటే ఒక్కరోజు తప్పుడు టిక్కుతో పోయేది. అరవై రోజులని నేనే నిరూపించాను. నాలుగో అంశం దగ్గర కాగితం మడిచాను. వెనక్కి చూస్తే బాపు తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"నీకేంది తమ్మీ, మంచి నౌకరి ఉంది, సదువుకున్నవ్" అన్నాడు అధ్యక్షుడు, మంచిగానే. "కాక ఏడికి పోతడు ఇప్పుడు? నువ్వు జర పక్కకుండు." మీటింగు పుస్తకంలో 'సహాయకుని నిర్లక్ష్యం వలన చేతిరాత పుస్తకములు నష్టమైనవి' అని రాశారు. నేను రింగు తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని ఎవరు తీసుకున్నారో చూడలేదు.

సందు మలుపు దాకా నడిచాక వెనక నుంచి ఎగశ్వాస వినబడింది. కాక. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఆగాను. ఎందుకు ఆగానో తెలియదు.

"ఏమనుకోకు బిడ్డా. నన్ను తీసేస్తె నేనేడ కూసోవాలె? ఇంట్ల కోడలు మొకం చూసుకుంట కూసోవాల్నా?"

"నాకు ఒక్క మాట చెప్తె నేనే ఎత్తుతుంటి గదా కాకా. పది నిమిషాల పని."

"చెప్తె నువ్వు రాస్తవ్."

"ఏంది?"

"నీ బుక్కుల రాస్తవ్. 'కాకకు చాతకాలేదు, నేను చేసిన' అని రాస్తవ్. రాయకుండ ఉండుడు నీతోని అయితదా? సంఘపోళ్ళు చదువుతరు."

నేను రాసి ఉండేవాణ్ణి. ఎవరు ఏ పని చేస్తే వాళ్ళ పేరు రాయాలన్నది నా నియమమే. ఆయన అడిగితే రాయకుండా ఉండేవాణ్ణా? ఉండేవాణ్ణనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆయన నన్ను అడిగి చూడలేదు. పదకొండేళ్ళప్పటి నుంచి నన్ను ఎరిగిన మనిషి, ఒక్కసారి అడిగి చూడకుండానే నా గురించి తేల్చుకున్నాడు.

"సరే, అది నాకు చెప్పలేదు. మీటింగుల అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"ఇగ అక్కడిదాక అచ్చినంక..." అన్నాడు.

"అయితె ఇప్పుడు పోయి నిజం చెప్పు. అందరు ఆడనే ఉన్నరు."

ఆయన వెనక్కి చూశాడు. వసారాలో కుర్చీలు మడుస్తున్న చప్పుడు వినబడుతోంది, నాకు. ఆయనకు వినబడి ఉండదు. "మల్లొక్కసారి చూద్దాం తియ్" అని, నా భుజం తట్టబోయి, దూరం పాటించాలన్నది గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

ఇంట్లో బాపు అన్నం ముందు కూర్చుని ఒక్కటే అడిగాడు. "చూడకుంట దస్కతు ఎట్ల పెట్టినవ్ రా?" అది న్యాయమైన ప్రశ్న. దాన్ని మీటింగులో అడిగినవాళ్ళు ఉన్నారు. నేను బాపు నుంచి ఎదురుచూసింది వేరే ప్రశ్న, కాకను అడగాల్సింది. అది ఆయన అడగలేదు. మర్నాడు ఎప్పటిలాగే ఏడింటికి ఖాతాకు పోయాడు. సాయంత్రం దిగాక, అదే సందులో, గడప దగ్గర బల్ల ముందు నిలబడి పేపరు తెచ్చుకున్నాడు. కాక చేతి నుంచి.

తర్వాత అది రోజూ జరిగింది. "కాక అడిగిండు నిన్ను. మంచిగున్నడా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నడు అన్న. ఇంకేమంట?"

నేను ఆ సందులోంచి నడవడం మానేశాను. బస్‌స్టాపుకు చుట్టు తిరిగి పోతే ఆరు నిమిషాలు ఎక్కువ. మిల్లులో రెండో సంతకం పెట్టేటప్పుడు ఒక్కో బోల్టునూ ముట్టుకుని చూస్తున్నానని ఫోర్మన్ ఎగతాళి చేశాడు.

మూడో ఏడు చలికాలం చివర, మాస్కులు గడ్డం కిందికి దిగిపోయిన రోజుల్లో, ఒక సాయంత్రం బాపు పేపరుతో పాటు ఆ ఇత్తడి రింగు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. కాక మెట్లు ఎక్కుతూ కూలబడ్డాడట. కొడుకు ఇక పంపనని చెప్పాడట.

"సంఘపోళ్ళు నిన్నే రమ్మంటున్నరు. పద్ధతి తెలిసినోడు ఇంకెవరున్నరు అన్నడు సేఠ్."

"నిర్లక్ష్యం అని రాసింది కొట్టేసిన్రా?"

"గదేంది?"

"మీటింగు పుస్తకంల. నా మీద రాసిన లైను. అది కొట్టేసి, జరిగింది రాస్తె వస్త. నాది ఎంత తప్పో అది కూడ రాయమను. నేనే చెప్త ఏం రాయాల్నో."

బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "కాకకు ఊపిరందుతలేదు రా. ఇప్పుడు పోయి గది కొట్టెయ్యి, గిది రాయి అని ఎవలు చెప్తరు? నేను చెప్పాల్నా, సేఠుకు?"

"నువ్వు చెప్పు బాపు. గా రోజు నువ్వు కూడ ఆడ ఉన్నవ్."

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

రింగు మూడు రోజులు ఫ్రిజ్ మీదే ఉంది. నీళ్ళ సీసా తీసుకున్న ప్రతిసారీ కనబడేది. రెండు తాళంచెవుల్లో ఎడమ తాళానిది ఎక్కువ అరిగి ఉంది. ఆ తాళానికి నూనె వేసేవాళ్ళు లేరని తెలుస్తూనే ఉంది. చేతిలోకి తీసుకోవాలని నాకు చాలా అనిపించింది, కాదని చెప్పను. తీసుకుంటే ఆ లైను నిజమని నేనే మూడో సంతకం పెట్టినట్టు అవుతుంది. బాపు సంఘానికి చెప్పలేదు. నేను అడగలేదు.

నాలుగో రోజు పొద్దున, పాళీకి పోయే ముందు, బాపు రింగును సంఘానికి తిరిగి ఇచ్చేయడానికి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని మరీ తీశాడు. నేను నిద్రపోతున్నానని అనుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి, ఆయన మెట్లు దిగేదాకా అలాగే పడుకున్నాను.